పోస్టు ఉంటేనే పీరియడ్: గోదావరి డెల్టా హైస్కూళ్లలో సబ్జెక్టులు ఎలా వచ్చాయి, ఎలా పోయాయి

జూన్ వచ్చిందంటే డెల్టా ఊళ్లలో కాలవలకి నీళ్లు వదులుతారు, నారుమళ్లు దున్నుతారు. అదే నెలలో టెన్త్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: ఏ గ్రూపు తీసుకోవాలి? ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా? పదిహేనేళ్ల పిల్లకి అప్పటిదాకా ఒక్క సబ్జెక్టునైనా తన ఇష్టప్రకారం ఎంచుకునే అవకాశం వచ్చి ఉండదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అందరికీ ఒకటే. పాలకొల్లులోనైనా, అమలాపురంలోనైనా, సముద్రం ఒడ్డున అంతర్వేదిలోనైనా ఇవే. ఒకప్పుడు మన హైస్కూళ్లలో వేరే సబ్జెక్టులు కూడా ఉండేవి. అవి ఎలా పోయాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈ నేల మీద బడి కథ ఆనకట్టతో ముడిపడి ఉంది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. కాలవలు సాగాయి, పంట నిలిచింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. 1850ల మధ్యలో రాజమండ్రి సబ్ కలెక్టరుగా పనిచేసిన జి.ఎన్. టేలర్ నరసాపురంలోను, దగ్గర్లోని పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లోను బడులు పెట్టించాడు. వాటిని చూసి చుట్టుపక్కల పల్లెలవాళ్లు మాకూ బడి కావాలన్నారు. ఖర్చు మేమే పెట్టుకుంటాం, శిస్తుతోపాటు కొంత కలిపి వసూలు చేసుకోండి అని ఒప్పుకున్నారు. అవే రేట్ స్కూళ్లు. ఆ వసూలుకి చట్టం అండ లేదన్న మాట రావడంతో 1863లో మద్రాసు ప్రభుత్వం విద్యా చట్టమే చేయాల్సి వచ్చింది. టేలర్ పేరున్న హైస్కూలు నరసాపురంలో ఇప్పటికీ ఉంది. బడి కోసం తమ మీద తామే పన్ను వేయించుకున్న మనుషులు ఈ నేలవాళ్లు. ఈ సంగతి మన పిల్లల సోషల్ పాఠంలో ఉండాల్సింది అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

డబ్బు ఊరిదే గాని, హైస్కూల్లో ఏం చెప్పాలో తేల్చింది మాత్రం మద్రాసు. 1853లో రాజమండ్రిలో మొదలైన జిల్లా స్కూలు 1873కి కాలేజీ అయింది. మద్రాసు యూనివర్సిటీ 1857లో వచ్చింది. దాని మెట్రిక్యులేషన్ పరీక్షలో ఏది అడిగితే హైస్కూళ్లలో అది చెప్పారు. 1911లో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. ఈ ‘ఎస్సెల్సీ’ మాట మన పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. తాతగారు సిక్స్తు ఫారం దాకా చదివారు అంటే పదకొండో తరగతి దాకా అని అర్థం.

ఆ కాలం నుంచీ హైస్కూల్లో ఒక పద్ధతి స్థిరపడింది. కాలేజీలో ఉన్నట్టు డిపార్టుమెంట్లు ఇక్కడ ఉండవు. ఉండేది పోస్టు. లెక్కల మాస్టారి పోస్టు, తెలుగు పండితుల పోస్టు, డ్రిల్లు మాస్టారి పోస్టు. టైంటేబుల్ మీద సబ్జెక్టు పేరు ఉండొచ్చు, పుస్తకం ముద్రించి పంచొచ్చు, కాని పోస్టు లేకపోతే ఆ పీరియడ్‌లో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, లేదా లెక్కల మాస్టారు వచ్చి లెక్కలు చేయిస్తారు. డెల్టా హైస్కూళ్లలో ఏ సబ్జెక్టు కథ చూసినా ఆ పోస్టు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్న కథే.

తెలుగునే తీసుకోండి. తెలుగు చెప్పడానికి భాషాప్రవీణ చదివినవాళ్లు కావాలి. ఆ చదువుకి కొవ్వూరు సంస్కృత కళాశాలలాంటివి ఉండేవి. అందుకే మన తెలుగు మాస్టార్లలో చాలామందికి సంస్కృతం కూడా బాగా వచ్చేది, పద్యం చదివితే వరండా చివరిదాకా వినిపించేది. తెలుగుతో సంస్కృతం కలిపి రాసే కాంపోజిట్ కోర్సు కూడా అలాంటి పండితులు ఉన్న బళ్లలోనే నడిచింది.

హిందీ దారి వేరు. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం హిందుస్తానీని బళ్లలో తప్పనిసరి చేసింది, గొడవలయ్యాక 1940లో ఆ ఉత్తర్వు పోయింది. కాని 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఊళ్లలో సాగుతూనే ఉన్నాయి. విశారద, ప్రవీణ ఇంట్లో కూర్చుని చదివి పాసవ్వొచ్చు. కాలేజీకి పంపని ఇళ్లలోని ఆడపిల్లలు ఎందరో ఆ దారినే చదువుకున్నారు. 1968లో త్రిభాషా సూత్రం వచ్చి హైస్కూల్లో హిందీ స్థిరపడేసరికి పోస్టుకి అర్హత ఉన్నవాళ్లు ఊళ్లలోనే దొరికారు. హిందీ నిలబడటానికి సగం కారణం వీళ్లే. పదో తరగతి పరీక్షలో మిగతా సబ్జెక్టులకి 35 వస్తేనే పాసు, హిందీకి 20 చాలు. ఆ సబ్జెక్టుని మనం ఎక్కడ కూర్చోబెట్టామో ఆ 20 మార్కుల్లో కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు ఆశ కలిగించాయి. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ హైస్కూలు చదువుని ఏడు శాఖలుగా విడదీయమంది: హ్యుమానిటీస్, సైన్సు, టెక్నికల్, కామర్స్, వ్యవసాయం, లలిత కళలు, గృహ విజ్ఞానం. అన్నీ ఒకే చోట దొరికే మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమంది. ఆ పేరుతో కొన్ని వచ్చాయి. వరి మీద బతికే జిల్లాలో వ్యవసాయం హైస్కూలు సబ్జెక్టు కావడం ఎంత సహజం! మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉంది. దేశంలో లక్షల ఎకరాల్లో పండిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, 1982లో అక్కడి నుంచే వచ్చింది. ఆ కేంద్రం గేటు ముందు నుంచి సైకిలు మీద బడికి పోయే పిల్లాడికి కూడా వరి గురించి బయాలజీలో వచ్చిన రెండు మూడు వాక్యాలే చదువు. ఇది నన్ను ఎప్పటికీ బాధపెట్టే విషయం.

లెక్కల్లో కూడా అప్పట్లో రెండు దారులుండేవి, కాంపోజిట్ మ్యాథ్స్, కాస్త తేలికైన జనరల్ మ్యాథ్స్ అని. ఎంపిక ఉండటం మంచిదే. కాని ఆ ఎంపిక చాలా ఇళ్లలో పిల్లది కాదు, తండ్రిది. ఆడపిల్లకి జనరల్ చాల్లే అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంజినీరింగ్ వైపు తలుపు మూసుకుపోయినవాళ్లు మన అమ్మల తరంలో ఉన్నారు. అందరికీ ఒకటే లెక్కలు అన్న పద్ధతి వచ్చినప్పుడు ఆ అన్యాయం తగ్గింది. ఇది కూడా ఒప్పుకుని చెప్పాలి.

అసలు మలుపు 1969-70లో వచ్చింది. రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది, 1971లో దానికి బోర్డు ఏర్పడింది. పదో తరగతితో హైస్కూలు అయిపోయింది. ఎంపిక ఏదున్నా ఇంటర్లోనే అన్నారు. గ్రూపులు, ఐచ్ఛికాలు అన్నీ జూనియర్ కాలేజీకి తరలిపోయాయి. తర్వాత వచ్చిన ఒకేషనల్ కోర్సుల్ని, వాటిలో మనకి పనికొచ్చే పంటల సాగు, చేపల పెంపకం లాంటివాటిని, ఇంటర్లోనే పెట్టారు. భీమవరం చుట్టూ పొలాలు చెరువులయ్యాయి, ఇంటి పక్కనే రొయ్యల మేత దుకాణం వచ్చింది. హైస్కూలు పుస్తకంలో చెరువు మాత్రం పాత చెరువే.

హైస్కూల్లో మిగిలింది క్రాఫ్టు, డ్రాయింగు. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని 1937లో గాంధీగారు ముందుకు తెచ్చిన వార్ధా పథకానికి అవి చివరి గుర్తులు. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో క్రాఫ్టు గది ఉండేది, కుట్టు మిషన్లు రెండు, ఒక చిన్న మగ్గం. మేం సెవెన్తులో ఉండగా క్రాఫ్టు టీచర్ గారు రిటైరయ్యారు. ఆ స్థానంలో ఎవరూ రాలేదు. గదికి తాళం పడింది, తర్వాత మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు అక్కడ పెట్టారు. టైంటేబుల్ మీద మాత్రం శుక్రవారం ఆఖరి పీరియడ్ ‘వర్క్ ఎడ్యుకేషన్’ అని చాలా ఏళ్లు అలాగే రాసి ఉంది.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వంద మంది దాటిన బళ్లలో చిత్రకళ, వ్యాయామం, పని విద్యకి పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలంది. అలా వచ్చినవాళ్లు చాలా తక్కువ జీతానికి, వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండా పనిచేస్తున్నారు.

ఈమధ్య మార్పులు వేగంగా వచ్చాయి, అంతే వేగంగా వెనక్కీ పోయాయి. ఒకప్పుడు పదో తరగతికి పదకొండు పేపర్లు. 2022లో ఏడయ్యాయి, 2023లో ఆరు, మరుసటేడు ఫిజికల్ సైన్సు, బయలాజికల్ సైన్సు విడిగా పెట్టడంతో మళ్లీ ఏడు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. వెయ్యి ప్రభుత్వ బళ్లని సీబీఎస్ఈలో చేర్చారు, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకి తెచ్చారు. కొన్ని మండలాల్లో హైస్కూల్ ప్లస్ పేరుతో ఇంటర్ పెట్టారు. దూరం పంపలేక చదువు మాన్పించే ఇళ్లలో ఆడపిల్లలకి అది నిజంగా మేలు చేసే ఆలోచన. కాని అక్కడా అడగాల్సిన ప్రశ్న ఒకటే: గ్రూపు రాశారు సరే, చెప్పే మనిషి ఉన్నారా?

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. చిన్న తరగతులకి ఎస్జీటీలు, హైస్కూలు సబ్జెక్టులకి స్కూల్ అసిస్టెంట్లు, ఇంకా టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపల్ పోస్టులు, ఆటలకి పీఈటీలు. నిరుద్యోగులు ఏళ్ల తరబడి ఎదురుచూసిన నోటిఫికేషన్ అది, మా ఊళ్లో కూడా రాత్రుళ్లు లైబ్రరీలో కూర్చుని చదివినవాళ్లున్నారు. ఆ జాబితాలో క్రాఫ్టుకి, డ్రాయింగుకి, వ్యవసాయానికి విడిగా ఒక వరుస లేదు.