మైక్‌కి మీ గది కూడా వినిపిస్తుంది: వాయిస్ ఓవర్ మైకులపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నరుపేటలో మూడో అంతస్తులో పదడుగులకు పదడుగుల గది నాది. పదకొండేళ్ళుగా అందులోనే వాయిస్ ఓవర్ పని. చీరల షోరూమ్ ప్రకటనలు, కాలేజీ అడ్మిషన్లు, ప్లాట్ల వెంచర్లు, ఎలక్షన్లప్పుడు ఆటోల మీద తిరిగే ప్రచారం, ఏది వస్తే అది. కొన్నిటికి నేనే గొంతిస్తాను, కొన్నిటికి వేరేవాళ్ళ చేత చదివించి రికార్డు చేస్తాను.

మొదటి ఏడాదే అప్పు చేసి పెద్ద కండెన్సర్ మైక్ (పల్చటి పొరతో, కరెంటు తీసుకుని పనిచేసే సున్నితమైన రకం) కొన్నాను. దాంతో చేసిన మొదటి ఆడియో పంపి గంట కాలేదు, ఏజెన్సీ నుంచి ఫోన్. "బాత్రూమ్‌లో నిలబడి చదివారా అండీ?" నాకు నోట మాట రాలేదు. డబ్బు పోసింది మైక్‌కి, వినపడుతున్నది గది. ఇప్పటికీ వారానికి ఒకరైనా "ఏ మైక్ కొనమంటారు?" అని అడుగుతారు. "మీ గది ఎలా ఉంటుంది?" అని నేను తిరిగి అడిగితే, మాట దాటేస్తున్నాననుకుంటారు.

అపోహ: ఖరీదైన మైక్ అయితే గదితో పనిలేదు

ఇది పూర్తిగా తిరగబడిన మాట. మంచి కండెన్సర్ చిన్న శబ్దాన్ని కూడా వదలదు, కాబట్టి గదిలో ఉన్న లోపాన్నీ అంతే శ్రద్ధగా పట్టిస్తుంది. మన ఇళ్ళలో కింద టైల్స్, చుట్టూ సున్నం వేసిన గోడలు, పైన శ్లాబు. నోట్లోంచి వెళ్ళిన మాట వీటన్నిటికీ తగిలి రవ్వంత ఆలస్యంగా మైక్‌లోకి వస్తుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. వెనకాల 'ట్రింగ్'మని ఏదైనా మోగితే, మీ ప్రతి వాక్యం వెనకా అదే ఉంటుంది.

మైకుల స్పెసిఫికేషన్లలో 'సెల్ఫ్ నాయిస్' అని ఒక అంకె ఉంటుంది. మైక్ తనంతట తాను చేసే సన్నటి 'స్స్' శబ్దం అది, ఎంత తక్కువైతే అంత మంచిది. రోడ్ ఎన్‌టీ1కి 4 డెసిబెల్స్, న్యూమన్ టీఎల్‌ఎం 103కి 7, ఇప్పటి న్యూమన్ యూ87కి 12, ఆడియో టెక్నికా ఏటీ2020కి 20. ఈ నాలుగు అంకెల మీద కుర్రాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. అర్ధరాత్రి అన్నీ ఆపేసినా మామూలు గదే 30 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ తిరిగితే అది కూడా దాటిపోతుంది. అలాంటి చోట 4కీ 12కీ తేడా ఎవరికి వినపడాలి? పైగా ఆ 12 వచ్చిన యూ87, పాత రూపాలతో కలిపి 1967 నుంచి ప్రపంచమంతటా స్టూడియోల్లో ఉన్న మైక్.

గదిని సరిచేయడానికి స్టూడియో కట్టక్కర్లేదు. నా మొదటి ట్రీట్‌మెంట్ మా అమ్మ కుట్టిన రెండు బొంతలు. ఒకటి నా వెనక తాడు మీద, ఒకటి పక్కన. మైక్ ముందు వైపు వినేది నా వెనకున్న గోడనే, అందుకే మొదటి బొంత అక్కడ. బట్టలు కుక్కిన బీరువా తలుపులు తెరిచి దానికేసి చదివినా చాలా నయం. కోడిగుడ్ల అట్టలు మాత్రం వద్దు. వాటివల్ల లాభం అంతంతమాత్రం, నిప్పంటుకుంటే క్షణాల్లో లేస్తాయి. ఇంకోమాట, ఫోమ్ గానీ బొంత గానీ లోపలి గింగురుమనడాన్ని తగ్గిస్తాయి తప్ప ఏలూరు రోడ్డు మీది హారన్లను ఆపలేవు. హారన్లకు నా దగ్గరున్న మందు రాత్రి పదకొండు తర్వాత రికార్డు చేయడమే.

అపోహ: డైనమిక్ మైక్ గది శబ్దాన్ని తీసుకోదు

పాడ్‌కాస్టులు మొదలయ్యాక ప్రతి వీడియోలో నల్లగా, లావుగా ఒక మైక్ కనపడుతోంది కదా, అది షూర్ ఎస్‌ఎమ్7బీ అనే డైనమిక్ మైక్, అంటే తీగచుట్టతో, బయటి కరెంటు అక్కర్లేకుండా పనిచేసే రకం. దాని మూలం 1973 నాటి ఎస్‌ఎమ్7, ఇప్పుడున్న బీ మోడల్ 2001లో వచ్చింది. మంచి మైకే, నా దగ్గరా ఉంది. కానీ "అది కొంటే ఫ్యాన్ శబ్దం రాదటగా అన్నయ్యా" అంటూ తెనాలి నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసినప్పుడు మాత్రం గట్టిగానే చెప్పాను: రాకపోవడానికి అదేం మంత్రం కాదు.

ఆ మైక్‌తో ఎవరైనా మూతి ఆనించినంత దగ్గరగా మాట్లాడతారు. నోటికీ మైక్‌కీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది శబ్దం మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది. అంటే దగ్గరకు వచ్చేకొద్దీ గొంతు గెలుస్తుంది, గది ఓడిపోతుంది. గుణమంతా ఆ దూరానిది. నేను ఒకసారి డైనమిక్‌నీ కండెన్సర్‌నీ ఒకే స్టాండుకు పక్కపక్కన కట్టి, అడుగున్నర దూరం నుంచి చదివి, రెండింటి గొంతూ ఒకే స్థాయికి తెచ్చి విన్నాను. ఫ్యాన్ రెండింట్లోనూ తిరిగింది. డైనమిక్‌లో పై శబ్దాలు కాస్త మొద్దుగా ఉన్నాయి, అంతే.

ఎస్‌ఎమ్7బీ కొనేవాళ్ళకు షాపులో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. దాని సిగ్నల్ చాలా బలహీనం, మామూలు కండెన్సర్ కంటే 20 నుంచి 30 డెసిబెల్స్ తక్కువ. దానికి 60 డెసిబెల్స్ గెయిన్, అంటే సిగ్నల్‌ను అంత పెంచడం, కావాలి. చవక ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) గెయిన్ చివరిదాకా తిప్పితే గొంతుతోపాటు 'హిస్' కూడా లేస్తుంది. మైక్ కొన్నాక ఇంటర్‌ఫేస్ మార్చాల్సి వచ్చి, లెక్క రెట్టింపైనవాళ్ళు నాకు తెలుసు.

అపోహ: పోలిక వీడియోలు వింటే ఏది మంచిదో తెలిసిపోతుంది

తెలియదు. నేనే బోల్తా పడ్డాను. మన చెవికి ఒక బలహీనత ఉంది. రెండు శబ్దాల్లో రవ్వంత ఎక్కువ వాల్యూమ్ ఉన్నదే 'బాగుంది' అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు, అది ఎక్కువని గుర్తుపట్టలేం, 'నిండుగా ఉంది' అంటాం. చాలా వీడియోల్లో వాల్యూమ్ సరిచూడరు, మైక్ పేరు తెర మీద ముందే వేస్తారు. పేరు చూశాక చెవి పని చెవి ఎందుకు చేస్తుంది?

అందుకే స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకుని నాలుగు మైకులతో సొంతంగా పరీక్ష పెట్టాను. పరీక్ష వాక్యం నేనే కూర్చుకున్నాను: "సంక్రాంతి సంబరాల సందర్భంగా పట్టుచీరలపై భారీ తగ్గింపు, ఈ శనివారం వరకే విచ్చేయండి." తమాషాగా కనపడుతుంది గానీ ఇందులో మైక్‌ను ఇబ్బంది పెట్టేవన్నీ ఉన్నాయి. వరసగా 'స'లు, ఒక 'శ', గాలి విసిరే 'ప', 'భ', మధ్యలో 'చ'. ఇంగ్లీషు వాక్యాలతో చేసిన పరీక్ష వత్తక్షరాల దగ్గర మన మైక్ ఏం చేస్తుందో చెప్పలేదు.

నేనొకసారి, మా దగ్గర ప్రకటనలు చదివే అమ్మాయి ఒకసారి చదివాం. నాలుగింటి వాల్యూమూ సమానం చేసి, వరస కలిపేసి, ఫైళ్ళకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టమని మా తమ్ముడికిచ్చాను. తర్వాత విని రాసుకున్నాను. నాకు ప్రాణమైన మైక్‌ను నేను గుర్తుపట్టలేకపోయాను. అంతకంటే ముఖ్యంగా, ఇద్దరికీ ఒకే మైక్ నప్పలేదు. ఆ అమ్మాయి 'శ', 'స' సహజంగానే పదునుగా పలుకుతాయి. టీఎల్‌ఎం 103కి 5 కిలోహెర్ట్జ్ పైన ఉద్దేశపూర్వకంగానే కొంత మెరుపు ఇచ్చారు. రెండూ కలిసి చెవిలో సూదులు గుచ్చినట్టయింది. డైనమిక్ మైక్‌లో ఆమె గొంతు కుదురుగా కూర్చుంది. నాది బొంగురు గొంతు, అదే డైనమిక్‌లో మూటలోంచి మాట్లాడినట్టుంది, కండెన్సర్‌లో మాట విచ్చుకుంది.

మీరూ పరీక్షించాలంటే ఇంకొకరు చేసిన రికార్డింగులు కాదు, మీ గొంతు, మీ గది, మీ వాక్యం ఉండాలి. మైక్ ఒక్కరోజు అద్దెకు దొరికినా చాలు.

అపోహ: గంభీరంగా రావాలంటే మైక్‌ను మింగేయాలి

దగ్గరకు వెళితే బేస్ పెరిగే మాట నిజమే. ముందు వైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైకుల్లో దాదాపు అన్నిటికీ ఆ గుణం ఉంది, ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. అయితే బేస్‌తోపాటు 'ప', 'ఫ', 'బ', 'భ' దగ్గర 'డుబ్' శబ్దం కూడా పెరుగుతుంది. నా లెక్క ఇది: కండెన్సర్‌కు జానెడు, డైనమిక్‌కు బెత్తెడు. మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివరికి కాస్త పక్కగా పెట్టి, లోపలికి తిప్పండి. గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం లోపలికి వెళుతుంది.

ఆ ఆడియో చివరికి ఎక్కడ మోగుతుందో కూడా చూసుకోవాలి. ఆటో మీది హారన్ స్పీకర్‌లో కింది బేస్ పలకనే పలకదు. పాత పద్ధతి ఫోన్ కాల్‌లో వెళ్ళేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. ఐవీఆర్ (కంపెనీకి ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి' అని వినపడే గొంతు) రికార్డింగుకు గంభీరం కోసం గంటసేపు తంటాలు పడి, క్లయింటు ఫోన్‌లో విన్నాక "అక్షరాలు సరిగ్గా వినపడటం లేదండీ" అన్న రోజు నాకుంది.

చిన్నచిన్నవి కొన్ని

"కొత్త మైక్ మొద్దుగా ఉందన్నా" అని గుంటూరు నుంచి ఒకతను సంచీలో పెట్టుకుని మరీ వచ్చాడు. స్టాండుకు బిగించి చదవమన్నాను. మైక్ వెనకవైపుకు చదువుతున్నాడు! నిలువుగా ఉండే కండెన్సర్లు చాలావరకు పక్క నుంచి వింటాయి, సాధారణంగా లోగో ఉన్న వైపే ముందు. తిప్పి పెట్టాను. రిపేరు చార్జీ కింద టీ తాగించాడు.

యూఎస్‌బీ మైక్ అంటే ఆటవస్తువని కొట్టిపారేయకండి, నేర్చుకోవడానికి చాలు. బ్లూ యెటీ లాంటి వాటిలో మైక్ ఏ వైపు వినాలో మార్చుకునే నాలుగు ప్యాటర్న్‌లు ఉంటాయి. అన్ని వైపులా వినే ఓమ్నీలో వదిలేసి 'రూమ్ సౌండ్ వస్తోంది' అంటే పాపం దాని తప్పేముంది.

అమెరికాలో ప్రోమోలకు సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 వాడతారని విని, చిన్న గదిలోకి అలాంటి షాట్‌గన్ మైక్ (పొడవాటి గొట్టంలా ఉండేది) తెచ్చుకోకండి. దాని గొట్టం పై శబ్దాలనే బాగా ఏరుతుంది, కింది శబ్దాలను అంతగా ఏరలేదు. దగ్గర గోడల నుంచి తిరిగొచ్చే మాట అందులో వింతగా రంగు మారుతుంది. బాగా ట్రీట్ చేసిన గదిలో అయితే అద్భుతం.

కండెన్సర్లకు కేబుల్ గుండా ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తగిలితే డైనమిక్ మైక్ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. కేబుల్ సరిగ్గా ఉంటే ఏమీ కాదు. జాగ్రత్త పడాల్సింది పల్చటి లోహపు పట్టీతో పనిచేసే రిబ్బన్ మైకులున్నవాళ్ళు.

అపోహ: మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది

ఇది తెలుగువాళ్ళకు ఇంకాస్త ఎక్కువ నష్టం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. వచ్చారు, చూడండి, కొన్నాను. ఆ చివరి 'ఉ', 'ఇ' ఊపిరితోపాటు నెమ్మదిగా తగ్గుతాయి. సన్నటి శబ్దాన్ని తుంచేసే నాయిస్ గేట్‌ను బిగించి పెడితే ఆ తోకను నాయిస్ అనుకుని కత్తిరిస్తుంది. 'వచ్చారు' కాస్తా 'వచ్చార్' అవుతుంది. నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే 'హ', 'ఖ', 'థ'లలోని ఊపిరి కూడా పోయి, నీళ్ళలోంచి మాట్లాడినట్టు వస్తుంది. నేను ఎడిట్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్లో మొదట వినేది వాక్యం చివరి అక్షరాన్నే.

అపోహ: మైక్‌కేం కాదు, ఇనపముక్క

కండెన్సర్ లోపలి పొర మందం కొద్ది మైక్రాన్లు. వానాకాలంలో కృష్ణ ఒడ్డు తేమకు అది చిటపటలాడటం నేను విన్నాను. పని అయ్యాక సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుసుకునే డబ్బాలో పెడతాను. ఇక దసరా. ఆయుధపూజ నాడు పనిముట్టు కదా అని మా ఇంట్లో మైక్ జాలీ మీద పసుపు, కుంకుమ పెట్టి, సాంబ్రాణి పట్టారు. పొగ, పొడి లోపలికి పోతే ఊడ్చి తీయగలిగేది కాదు. అమ్మను కాదనలేం. ఇప్పుడు బొట్టు స్టాండుకు పెడుతున్నాం, మైక్ డబ్బాలోనే ఉంటుంది.