అరైవల్ లోంచి డిపార్చర్ తీసేస్తే జర్నీ టైం రాదండీ (అపోహలు - వాస్తవాలు)

టికెటింగ్‌లో ఉన్నాను కాబట్టి ఈ మాట వారానికి రెండు మూడుసార్లు వింటాను, "రాత్రి పదికి ఎక్కితే పొద్దున ఆరుకి దిగుతాం, ఎనిమిది గంటలే కదా" అని. కాదండీ. టికెట్ మీద డిపార్చర్ ఎక్కే ఊరి టైం, అరైవల్ దిగే ఊరి టైం. రెండూ వేర్వేరు గడియారాలు, ఒకదాంట్లోంచి ఒకటి ఎలా తీసేస్తారు?

మొన్నొక కుర్రాడు వచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో జులై 10 రాత్రి 10కి ఎక్కి ఆక్లండ్‌లో పొద్దున 6కి దిగడం, అక్కణ్ణుంచి 11వ తారీఖు మధ్యాహ్నం 12 గంటలకి సిడ్నీ, అదేమో విడిగా కొన్న టికెట్. ప్రింట్ తీసి చూస్తే 06:00 పక్కన చిన్న అక్షరాల్లో +2 అని ఉంది. అంటే దిగేది 12న! మధ్యలో డేట్ లైన్ (పసిఫిక్ మీద తారీఖు మారే గీత) దాటుతారు కదా. రెండు టైములూ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైం) మార్చి చూపించా, ఎక్కేది 11న 05:00, దిగేది 11న 18:00, అంటే 13 గంటలు. దూరం దాదాపు 10,500 కిలోమీటర్లు, అది ఎనిమిది గంటల్లో అయిపోవాలంటే గంటకి 1,300 పైన పోవాలి, ఇప్పుడు ఏ ప్యాసింజర్ విమానమూ దారంతా అంత స్పీడు పోదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ సిడ్నీ ఫ్లైట్ లేచే టైముకి లాస్ ఏంజెలెస్‌లో 10వ తారీఖు సాయంత్రం 5, అంటే ఈ అబ్బాయి ఇంకా మొదటి ఫ్లైటే ఎక్కలేదు. రీఫండ్ లేని టికెట్, మొత్తం పోయింది. మొహం వాడిపోయింది పాపం, నాకే బాధేసింది. అప్పట్నుంచి ప్రతి ప్రింట్ మీదా ఆ +1, +2లకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇస్తున్నా. మీరూ టికెట్ కొనేముందు దానికోసం వెతకండి.

భూమి తిరుగుతుంది కాబట్టి ఒకవైపు త్వరగా వెళ్తాం అని ఇంకో పుకారు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది, తేడా తెచ్చేది పైన ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి, జెట్ స్ట్రీమ్ అంటారు. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనక నుంచి తోస్తే ఒక బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల్లోపే వచ్చేసింది, మామూలుగా అయితే 7 దాకా పడుతుంది.

డైరెక్ట్ అన్నా నాన్‌స్టాప్ అన్నా ఒకటే అనుకోకండి, డైరెక్ట్ మధ్యలో ఆగొచ్చు.

ఒకావిడైతే లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న కొడుకు ఫ్లైట్‌ని ఫోన్లో చూస్తూ "గ్రీన్‌లాండ్ మీదకి పోతోందండీ, దారి తప్పిందా" అని ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. ఆఫీసుకి రమ్మని, గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోమన్నా. గుండ్రటి భూమి మీద బిగించిన దారమే దగ్గర దారి, అది గ్రీన్‌లాండ్ మీదుగానే పోయింది. ఆవిడ రెండుసార్లు వదిలి మళ్లీ బిగించి చూసుకుని, అప్పుడు కూర్చున్నారు.