కోతి ఆడిన అబద్ధం: అపోహలు, వాస్తవాలు

జనవరి వచ్చిందంటే బెజవాడ పుస్తకాల పండగలో నాకు ఈ అక్షింతలు తప్పవు: "అబద్ధాలాడే కథలు పిల్లలకెందుకండీ?" రాసేదే పిల్లల కథలు. జవాబు చెప్పక ఎక్కడికి పోతాను?

అపోహ: మన పాత కథలన్నీ నిజమే చెప్పమంటాయి.

వాస్తవం: ఆవు-పులి కథ ఒక్కటి గుర్తుపెట్టుకుని అలా అనేస్తాం. పంచతంత్రంలో మొసలి వీపు మీద నడినీళ్లలో ఇరుక్కున్న కోతి "గుండెకాయ చెట్టు మీదే మర్చిపోయా" అని బతికి బయటపడలేదూ? పోతన భాగవతంలో ప్రాణం మీదికొస్తే బొంకవచ్చని బలికి శుక్రాచార్యుడు పద్యంలోనే చెప్పాడు. బలి వినలేదనుకోండి.

అపోహ: ఇవి చదివే పిల్లలు అబద్ధాలు నేర్చుకుంటారు.

వాస్తవం: చదవడం రాకముందే మొదలెడతారు. మూతికి బెల్లం అంటుకునుండగానే "నేను తిన్లా" అనే మూడేళ్ల వాడు మీ ఇంట్లో లేడా? భయపెట్టే కథతో మాన్పించడమూ అంత తేలిక కాదు. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్ని, చూడొద్దన్న బొమ్మను దొంగచాటుగా చూశారా అని అడిగారు. "నాన్నా పులి" లాంటి కథ విన్నవాళ్లలో మార్పేమీ లేదు. చెట్టు నరికింది నేనేనని ఒప్పుకున్న చిన్ని జార్జి వాషింగ్టన్‌ను తండ్రి మెచ్చుకునే కథ విన్నవాళ్లే ఎక్కువగా నిజం చెప్పారు. (ఆ చెట్టు కథ ఒక జీవితచరిత్రకారుడి కల్పన. ఇదీ వరస!)

అపోహ: చివర "అబద్ధమాడటం తప్పు" అని ఒక ముక్క రాస్తే సరి.

వాస్తవం: నా కథలో తాగొచ్చిన నాన్న "మీ అమ్మ డబ్బులెక్కడ పెట్టిందే?" అంటాడు. పిల్ల "తెలీదు" అంటుంది. డబ్బులు బియ్యం డబ్బాలో ఉన్నాయని దానికి తెలుసు. ఓ సంపాదకుడు ఆ ముక్క అతికించి మరీ అచ్చేశారు. తాగినవాడు బాగానే ఉన్నాడు, తప్పు మాత్రం పిల్లదైంది! నేను రాసిన ముగింపు వేరు. ఆ రాత్రి పిల్ల డబ్బాకు వీపు పెట్టి కూర్చుని అన్నం తింటుంది. మూడో ముద్దకే చెయ్యి కడిగేసుకుంటుంది. అంతకుమించి చెప్పబుద్ధి కాలేదు.

అపోహ: కథలో అబద్ధాన్ని పిల్లలు నిజమనుకుంటారు.

వాస్తవం: మొన్న సత్యనారాయణపురంలో కోతి కథ చెబుతుంటే ఏడేళ్ల పిల్ల ఆపేసింది. "గుండె తీసేస్తే చచ్చిపోతారు కదా ఆంటీ, మొసలికి ఆ మాత్రం తెలీదా?" నేను నోరు తెరిచేలోపే పక్కవాడు అందుకున్నాడు.

"ఫ్రెండ్ చెప్పాడు కదే, అందుకని నమ్మింది."