ఒకే ఒంట్లో రెండు కీళ్లజబ్బులు: అపోహలు - వాస్తవాలు

మా ఓపీలో చీటీ రాసేలోపే చాలామంది జబ్బు పేరు వాళ్లే చెప్పేస్తారు. "నాకు వాతం సారూ." "నాది అరుగుడు." "మాది మర్రిగూడ దిక్కు, నీళ్ల రోగమే." ఒక్కసారి ఆ పేరు పడిందా, తర్వాత పదేళ్లు ఏ కీలు నొచ్చినా దాని ఖాతాలోకే పోతుంది. నల్గొండలో కీళ్లజబ్బులు చూసే డాక్టరుగా నాకు ఎక్కువ పని పెట్టేది ఈ అలవాటే.

అపోహ: ఒక మనిషికి ఒక్క కీళ్లజబ్బే వస్తుంది.

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల పొర మీదే తిరగబడటం. అరుగుడు (ఆస్టియో ఆర్థరైటిస్) వేరు. అందులో ఎముకల చివరనుండే మృదులాస్థి, అంటే మనోళ్లు గుజ్జు అనేది, దెబ్బతింటుంది. గౌట్‌లో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకుంటాయి. ఒకటి ఉందని రెండోది రాకుండా ఆగదు. పైగా వాతం ఏళ్ల తరబడి తిన్న కీలు తొందరగా అరుగుతుంది.

ఇది నాకు పుస్తకం కన్నా ఒక పెద్దమ్మ బాగా నేర్పింది. వాతానికి మందులు వాడుతూ నాలుగేళ్లు బాగానే ఉంది. ఒకరోజు "మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా, మెట్లు ఎక్కుడైతలేదు" అంది. వాతం మళ్లీ లేచిందనుకుని మందు డోసు పెంచాను. రెండు నెలలైనా గుణం లేదు. అప్పుడు అడిగాను, మొదటిరోజే అడగాల్సింది: పొద్దుగాల లేచినంక కీళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయి? "గట్లేం లేదు, రెండు అడుగులేస్తే సరి. మాపటికే నొస్తది." వేళ్లలో వాపు లేదు, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) మామూలుగానే ఉంది. అది వట్టి అరుగుడు. పెంచిన డోసు తగ్గించి, కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి పది లెక్కపెట్టేదాకా ఆపడం నేర్పాం. నులకమంచం కుంగి లేవడం కష్టమవుతుంటే మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించాం, నులక బిగించారు. మందు చేయని పని ఇటుకలు చేశాయి.

వాతంలో పొద్దున బిగుసుకుపోవడం గంటకు పైగా ఉంటుంది, కదిలేకొద్దీ సడలుతుంది. అరుగుడులో సాధారణంగా అరగంట లోపే పోతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. వాతం వేళ్ల మొదళ్లను, నడిమి కణుపులను, మణికట్టును పడుతుంది. అరుగుడు ఎక్కువగా గోటి దగ్గరి కణుపును, బొటనవేలి మొదలును పడుతుంది. రెండూ ఒకే చేతిలో ఉండొచ్చు, కాబట్టి ఒక్కో కణుపూ నొక్కి చూడక తప్పదు.

అపోహ: ఆర్‌ఏ ఫ్యాక్టర్ (వాతం కోసం చేసే రక్తపరీక్ష) లేదంటే వాతం లేనట్టే.

లేకున్నా వాతం ఉండొచ్చు. ఉన్నా వాతం లేకపోవచ్చు. కాగితానికి కాదు, మనిషికి వైద్యం.

అపోహ: మన జిల్లాలో నొప్పులన్నీ ఫ్లోరైడ్ వల్లే.

ఈ మాటకు కారణముంది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు, అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు తాగిన ఊర్లు మనవి. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు అందరం చూసినవే. కానీ ఫ్లోరోసిస్, అంటే ఆ నీళ్ల రోగం, ముఖ్యంగా ఎముకను గట్టిపరుస్తుంది, ఎముకలను కలిపే పట్టీలనూ బిగిస్తుంది. చేతివేళ్లు వెచ్చగా వాచిపోవడం దాని లక్షణం కాదు. వాపు ఉందంటే వాతం కోసం వెతకాలి. మరో తికమక, వెన్ను బిగుసుకున్న పాతికేళ్ల కుర్రాడు. అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకునే జబ్బు) కావచ్చు, దానికి మంచి మందులున్నాయి. నేను ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయిస్తాను. ఫ్లోరోసిస్ అయితే రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనబడొచ్చు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక కొత్తగా చేరేది తగ్గుతుంది గానీ ఎముకలో చేరింది అంత తొందరగా వదలదు.

అపోహ: పాత వాతం ఉన్నోళ్లకు ఒక కీలు ఎర్రగా ఉబ్బితే అది వాతమే.

ఇక్కడ మాత్రం ఆగకండి. ఒక్క కీలు ఉన్నట్టుండి ఉబ్బి, ఎర్రబడి, ముట్టుకోనివ్వకుంటే అది గౌట్ కావచ్చు, చీము కావచ్చు. జ్వరం లేకున్నా చీము లేదని కాదు. అదే రోజు సూదితో కీలులో నీరు తీసి చూపించాలి. గౌట్ దాడి నడుస్తుండగా రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడొచ్చు, కాబట్టి ఆ ఒక్క పరీక్ష చాలదు. కొన్ని బీపీ మాత్రలు కూడా యూరిక్ యాసిడ్ పెంచుతాయి, అందుకే వచ్చేటప్పుడు గోలీల డబ్బా మొత్తం తెమ్మంటాను. ఇక పప్పు మానేసిన గౌట్ పేషెంట్లు చాలామంది, సారా, బీరు మానినోళ్లు తక్కువ.

అపోహ: నొప్పులు రెండు, కాబట్టి గోలీలు కూడా రెట్టింపు.

ఊర్లో ఇచ్చే నొప్పి సూదులు, స్టెరాయిడ్లు నాలుగు రోజులు హాయినిస్తాయి, ఆనక కిడ్నీని, ఎముకను తింటాయి. మెథోట్రెక్సేట్‌తో ఇంకా జాగ్రత్త. వాతానికి ఇచ్చే ఆ గోలీ వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే నోరంతా పుండ్లై, తెల్లకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చదువురాని అవ్వలకు వారం పేరు రాసిస్తే లాభం లేదని తెలిసి ఇప్పుడు వారపు సంతనే గుర్తుగా పెట్టుకుని ఒకటే అడుగుతున్నాను.

"మీ ఊర్ల అంగడి ఎప్పుడవ్వా?"

"బేస్తారం."

"అయితే అంగడికి పోయొచ్చి మింగు. అంగడి లేని రోజు ముట్టకు."