రాజ్ రెడ్డి, స్పీచ్ రికగ్నిషన్: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు 1994లో వచ్చింది. ఆ సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆయన చేసిన పని, అంటే మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడం (స్పీచ్ రికగ్నిషన్), దగ్గరికొచ్చేసరికే పొరపాట్లు దొర్లుతుంటాయి.

అపోహ: మాటను గుర్తుపట్టే కంప్యూటర్‌ను మొదట తయారుచేసింది ఆయనే.

కాదు. బెల్ ల్యాబ్స్ వాళ్ల 'ఆడ్రీ' 1952లోనే అంకెలను గుర్తుపట్టింది. 1962లో ఐబీఎం 'షూబాక్స్' 16 మాటలు పట్టుకుంది. అయితే వాటితో ఒక్కో మాటా పలికి ఆగాలి. ఆగిన చోటే మాటకు హద్దు దొరుకుతుంది కాబట్టి సగం కష్టం అక్కడే తీరిపోతుంది. మనం అలా మాట్లాడం. "వాడు ఎక్కడ ఉన్నాడు" అన్న మూడు మాటలు నోట్లోంచి "వాడెక్కడున్నాడు" అనే వస్తాయి. ఆ రికార్డింగును తెర మీద పెట్టి చూడండి, మాటల మధ్య ఖాళీ ఉండదు. ఖాళీలా కనిపించేది 'క్క' దగ్గర, గాలి ఒక్క క్షణం ఆగే చోట. అంటే మాట నడిమధ్యన! నిశ్శబ్దాన్ని నమ్ముకుని కోసే ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడే తప్పుగా కోస్తుంది.

రెడ్డి పట్టుకున్నది ఈ చిక్కునే. స్టాన్‌ఫర్డ్‌లో కృత్రిమ మేధ పరిశోధకుడు జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ, 1969 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. అక్కడి 'హియర్‌సే-1' నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను వినేది. ధ్వని అస్పష్టంగా ఉంటే, బోర్డు మీద ఆ క్షణాన ఏయే ఎత్తులు వేయవచ్చో చూసుకుని మిగతావి కొట్టేసేది. వినికిడికి సందర్భాన్ని జోడించడం అన్న ఈ ఆలోచనే మా దృష్టిలో ఆయన అసలు ఘనత.

అపోహ: మాటలను గుర్తుపట్టే 'హార్పీ' ఆయన ఒక్కడే రాసిన ప్రోగ్రామ్.

హార్పీ 1976లో బ్రూస్ లోవెర్ పీహెచ్‌డీ పని. దానికి ముందు అదే బృందంలో జేమ్స్ బేకర్ అలాంటిదే 'డ్రాగన్' కట్టారు. రెడ్డి ఒకే సమస్య మీద రెండు మూడు దారుల్లో మనుషులను నడిపించి, ఏది నిలుస్తుందో చూశారు. తర్వాత ఆయన విద్యార్థి కై-ఫు లీ, చేత్తో నియమాలు రాయడానికి బదులు గణాంకాల పద్ధతి వైపు వెళ్తానన్నప్పుడు, తాను ఏకీభవించకపోయినా మద్దతిచ్చారు. అందులోంచే 1988లో 'స్ఫింక్స్' అనే ప్రోగ్రామ్ వచ్చింది. మార్గదర్శకుడిగా ఇది చిన్న విషయం కాదు.

అపోహ: ఆ కాలపు పద్ధతులన్నీ న్యూరల్ నెట్‌వర్క్‌లు (ఉదాహరణల నుంచి తామే నేర్చుకునే ప్రోగ్రాములు) వచ్చాక మూలన పడ్డాయి.

చేత్తో రాసిన నియమాలు చాలావరకు పోయిన మాట నిజం. పనికిరాని దారులను వదిలేస్తూ వెతికే 'బీమ్ సెర్చ్' మాత్రం పోలేదు. హార్పీకి తెలిసినవి 1011 మాటలు. ఆ మాటలతో అనుమతించిన వాక్యాలన్నిటినీ కలిపి సుమారు 15,000 స్థితుల వలగా ముందే అల్లేశారు. ధ్వని ముందుకు సాగేకొద్దీ ఆ వలలో ఎన్నో దారులు తెరుచుకుంటాయి. ఏ దారి ధ్వనికి ఎంత సరిపోతుందో స్కోరు వేసి, ప్రతి అడుగులోనూ అన్నిటికంటే మంచి స్కోరు చూసి, దానికి కొంత దూరం లోపల ఉన్న దారులనే ఉంచి మిగిలినవి వదిలేయాలి. ఆ దూరమే బీమ్. ఇవాళ మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి మోడళ్లలోనూ ఇదే ఆలోచన ఉంది. కాకపోతే అక్కడ స్కోరు దూరానికి బదులు ఎన్ని దారులు ఉంచాలో అంకె ఇస్తాం.

బీమ్ మరీ ఇరుకైతే, మొదట్లో స్కోరు తక్కువగా ఉన్న సరైన దారి కూడా తెగిపోతుంది, మళ్లీ రాదు. మరీ వెడల్పైతే వేగం పడిపోతుంది. ఫలితం తప్పొస్తే చేయాల్సిన మొదటి పరీక్ష ఇది: మోడల్‌ను ముట్టుకోకుండా బీమ్‌ను రెండింతలు చేసి అదే ఆడియోను మళ్లీ నడపండి. తప్పు పోతే లోపం వెతుకులాటలో ఉంది. పోకపోతే సరైన వాక్యానికి మోడల్ ఎంత స్కోరిస్తుందో విడిగా లెక్కించండి. వచ్చిన తప్పు వాక్యం కంటే తక్కువిస్తే లోపం మోడల్‌దే, అప్పుడు బీమ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు. ఈ తేడా చూసుకోకుండానే కొత్త డేటా కోసం పరుగెత్తేవాళ్లు చాలామంది.

తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. "వెళ్లాలనుకుంటున్నానన్నాడు" ఒకే మాట. ఇలాంటివాటిని పూర్తి మాటలుగా నిఘంటువులో పెట్టడం మొదలుపెడితే ఆ జాబితాకు అంతుండదు. అందుకే మాటలను ముక్కలుగా విడగొట్టి మోడల్‌కు ఇస్తాం.

అపోహ: ఆయన మొదటినుంచీ కంప్యూటర్ సైన్స్ చదివారు.

1958లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఆయన పొందిన డిగ్రీ సివిల్ ఇంజినీరింగ్. కంప్యూటర్లు ఆ తర్వాతే, ఆస్ట్రేలియాలో.

అపోహ: ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, బాసర ట్రిపుల్ ఐటీ ఒకే సంస్థకు చెందినవి.

రెండిటితోనూ రెడ్డికి సంబంధం ఉండటం వల్ల ఈ గందరగోళం. 1998లో మొదలైన హైదరాబాద్ సంస్థ వేరు, దాని పాలకమండలికి ఆయన అధ్యక్షత వహించారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయలవి 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద మొదలయ్యాయి, దానికి ఆయన తొలి ఛాన్సలర్. ప్రధానంగా పల్లెటూరి పిల్లలను పదో తరగతి మార్కులతోనే తీసుకుని ఆరేళ్లు చదివించే కోర్సు అక్కడిది, హైదరాబాద్‌లో బీటెక్‌కు ఇంటర్ కావాలి. పదో తరగతి అయిన పిల్లలు దరఖాస్తు చేసుకోవాల్సింది బాసర, నూజివీడు లాంటివాటికి.