క్యాలెండర్ సుందరి కొలతలు ఎక్కడివి?

1940లలో అమెరికాలో ఏ మెకానిక్ షెడ్ గోడ చూసినా దాదాపు ఒకే రకం క్యాలెండర్ బొమ్మ. పొడవాటి కాళ్లు, సన్నటి నడుము, దేనికో చిక్కుకుని పైకి లేచిన గౌను, 'అయ్యో' అన్నట్టు గుండ్రంగా తెరుచుకున్న నోరు. కింద టైర్ల కొట్టు పేరు, ఫోన్ నంబరు. ఆ పేరు ఏడాదంతా కళ్ల ముందు ఉండాలి, అసలు సంగతి అదే. అమ్మాయి ఎర మాత్రమే. సెయింట్ పాల్‌లో 1896లో మొదలైన బ్రౌన్ అండ్ బిగెలో కంపెనీ ఈ వ్యాపారంలో పెద్ద చెయ్యి.

అయితే అంతకుముందు గొడవ జరక్కపోలేదు. నీళ్లలో నిలబడ్డ నగ్న యువతిని ఫ్రెంచి చిత్రకారుడు పాల్ షబా గీసిన 'సెప్టెంబర్ మార్న్' 1912లో పారిస్ సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో మర్యాదగానే గోడెక్కింది. మరుసటి ఏడాది దాని ప్రింట్లు చికాగో, న్యూయార్క్ షాపుల అద్దాల వెనక కనిపించేసరికి అశ్లీలమన్నారు. చికాగోలో కేసు పెడితే జ్యూరీ కొట్టేసింది. న్యూయార్క్‌లో నీతి కాపలాదారు ఆంథొనీ కామ్‌స్టాక్ చేసిన హడావిడి బొమ్మకు పైసా ఖర్చులేని పబ్లిసిటీ అయింది. ఆ తర్వాత అది క్యాలెండర్లకూ ఎక్కింది. వీనస్ (గ్రీకుల అఫ్రొడైటి, ప్రేమ దేవత) అని పేరు పెడితే కళ, పేరు లేని పిల్లయితే పోలీసు కేసు!

గ్రీకుల నుంచి క్యాలెండర్ వాళ్లు తెచ్చుకున్నది ఈ దేవత పేరు ముసుగు ఒక్కటే కాదు, పనితనం కూడా. గ్రీకు కథల్లోని అందగత్తె హెలెన్ బొమ్మ గీయడానికి ప్రాచీన గ్రీకు చిత్రకారుడు జ్యూక్సిస్ క్రోటన్ నగరంలో ఐదుగురు కన్యల్ని ఎంచుకుని, ఒక్కొక్కరిలో బాగున్నది తీసుకున్నాడని రోమన్ రచయిత సిసిరో చెప్పిన కథ. క్యాలెండర్ బొమ్మల చిత్రకారుడు గిల్ ఎల్వ్‌గ్రెన్ చేసిందీ దాదాపు అదే. మోడల్‌ను స్టూడియోలో నిలబెట్టి ఫొటో తీసి, దాన్ని చూస్తూ ఆయిల్ రంగుల్లో గీసేవాడు. గీసేటప్పుడు కాళ్లు కాస్త సాగేవి, నడుము కాస్త తగ్గేది. నఖశిఖ పర్యంతం అలా ఉన్న మనిషి ఎక్కడా లేదు, మోడల్‌తో సహా. అదే రకం బొమ్మలు గీసిన చిత్రకారిణి జోయి మోజర్ట్ అయితే అద్దం ముందు తనే పోజిచ్చి తన బొమ్మే గీసుకునేది. మగాళ్ల షెడ్లలో వేలాడిన ఆ బొమ్మల్లో కొన్ని ఒక ఆడమనిషి కుంచె నుంచి వచ్చినవని చాలామందికి తట్టి ఉండదు.

కలర్ ఫొటో రాకతో కుంచె పని తగ్గుతూ వచ్చింది. 1949లో ఫొటోగ్రాఫర్ టామ్ కెల్లీ ఎర్ర వెల్వెట్ మీద పడుకోబెట్టి తీసిన అమ్మాయిది పాత చిత్రాల్లోని వీనస్ పోజే. క్యాలెండర్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. 1953 డిసెంబరులో ప్లేబాయ్ పత్రిక తొలి సంచికకూ ఆ రోజు తీసిన ఫొటోల్లో ఒకటి పనికొచ్చింది. ఆ అమ్మాయి, అంటే తర్వాత సినిమా తారగా వెలిగిన మార్లిన్ మన్రోకు ముట్టింది 50 డాలర్లు, అదీ మోనా మన్రో అని మారుపేరుతో సంతకం పెట్టి.