సీరియల్ అభిమానుల పుస్తకం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండులో దశాబ్దాల తరబడి నడిచే సీరియళ్లకు అభిమానుల కోసం లావుపాటి పుస్తకాలు వేస్తారు. ఎవరి పెళ్లి ఎప్పుడైంది, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారు, ఎవరు ఎలా పోయారు, అన్నీ అందులో ఉంటాయి. అవి అచ్చుకు వెళ్లేముందు తప్పులు సరిచూడటం నా పని. ఒక వీధిలోని జనం కథగా నడిచే 'కారొనేషన్ స్ట్రీట్' సీరియల్ నాకు బాగా తెలుసు కాబట్టి ఉదాహరణలు దాని నుంచే ఇస్తాను.

అపోహ: కథ తెలిస్తే చాలు, పుస్తకం రాసేయవచ్చు.

కథ అభిమానికి మనకంటే బాగా తెలుసు. ఏడో నంబరు ఇంటి సంగతే చూడండి. ఆ వీధిలో ఒక వైపు బేసి నంబర్ల ఇళ్ల వరుస. ఒక కొసన 'రోవర్స్ రిటర్న్' పబ్బు, మరో కొసన కొట్టు. 1965లో, కథలోనే, ఏడో నంబరు ఇల్లు కూలింది. ఆ ఖాళీలో ఒక బెంచీ వేశారు. 1982లో లెన్ ఫెయిర్‌క్లఫ్ అనే పాత్ర అక్కడ మళ్లీ ఇల్లు కట్టేదాకా అంతే. అందుకే వీధి పటం వేసే చిత్రకారుణ్ణి నేను మొదట అడిగేది, ఇది ఏ ఏటి వీధి అని. 1970 నాటి పటంలో ఏడో నంబరుకు తలుపు గీశారంటే ఆ పుస్తకం పరువు ఆ పేజీలోనే పోయినట్టు.

అపోహ: అరవై ఏళ్లు దాటి నడిచిందంటే మొదటే పెద్ద పథకం వేసుకుని ఉంటారు.

దాన్ని తీసిన సంస్థ గ్రానడా టెలివిజన్ మొదట ఒప్పుకున్నది 13 ఎపిసోడ్లకే. సృష్టికర్త టోనీ వారెన్ పెట్టిన పేరు 'ఫ్లోరిజెల్ స్ట్రీట్'. ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడ అది ఫినాయిలు పేరులా ఉందన్నదట, అందుకని మార్చారట. ఈ ముచ్చటను అచ్చు వేసేటప్పుడు ఆ 'అట' మాత్రం తీయకూడదు. 1960 డిసెంబరు 9న మొదటి ఎపిసోడ్ ప్రత్యక్ష ప్రసారమైందన్న మాటకు 'అట' అక్కర్లేదు.

అపోహ: తెర మీద కనిపించే ప్రతి మార్పూ రచయితల ఊహే.

1961 చివర నుంచి కొన్ని నెలలపాటు నటుల సంఘం సమ్మె చేసింది. దీర్ఘకాల ఒప్పందాలున్న డజనుకు కాస్త పైచిలుకు మందితోనే వీధి మొత్తం నెట్టుకొచ్చారు. ఆ రోజుల్లో ఊరు అంత బోసిగా ఎందుకుందో కథలో వెతికితే దొరకదు. రంగుల సంగతీ అంతే. 1969లో రంగులు వచ్చాయి, నిజమే. కానీ సాంకేతిక సిబ్బంది ఆందోళనవల్ల 1970 నవంబరు నుంచి 1971 ఫిబ్రవరి దాకా మళ్లీ నలుపు తెలుపులోకి వెళ్లింది. '1969 నుంచి అంతా రంగుల్లోనే' అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయడం నాకు అలవాటైపోయింది.

అపోహ: స్క్రిప్టే ప్రమాణం. లేదంటే నటులను అడిగితే సరి.

ఇది నా సొంత దెబ్బ. వేరే సీరియల్ పుస్తకానికి పనిచేస్తున్నప్పుడు ఒక పాత్ర పుట్టినరోజును స్క్రిప్టు చూసి ఖాయం చేశాను. ప్రసారమైన ఎపిసోడ్‌లో ఆ డైలాగే లేదు, నిడివి ఎక్కువై కత్తిరించారు. మూడు ఎపిసోడ్ల తర్వాత ఇంకో పాత్ర నోట వేరే తేదీ పలికింది! పుస్తకం బయటికి వచ్చిన వారంలోనే ఒక పెద్దావిడ చక్కటి దస్తూరీతో ఉత్తరం రాసింది. అప్పటినుంచి ప్రసారమైన బొమ్మ చూడనిదే సంతకం పెట్టను. నటుల మాటా అంతే. వాళ్లకు గుర్తుండేది చిత్రీకరణ రోజు, మనకు కావలసింది ప్రసారమైన రోజు. రెండింటికీ మధ్య వారాలు గడిచిపోయి ఉంటాయి.

అపోహ: ఇలాంటి పుస్తకం అచ్చయ్యేసరికే పాతబడిపోతుంది.

ఇది అపోహ కాదు, పచ్చి నిజం. అందుకే ఏ ఎపిసోడ్ దగ్గర ఆపామో తేదీతో సహా మొదటి పేజీలోనే వేయమని పట్టుబడతాను. ప్రచురణకర్తలకు అది నచ్చదు, చిన్న అక్షరాల్లో వెనక్కి తోసేస్తామంటారు. ప్రతిసారీ దాని మీద పోట్లాటే.